ఎత్తని చెయ్యి

ఒంగోలు మినీ స్టేడియంలో, వాన వెలిసిన సాయంత్రం,
రిఫరీ మా ఇద్దరి మణికట్లూ పట్టుకుని నిలబడ్డాడు.
లేచింది మాలకొండయ్య చెయ్యి.
నాది ఆయన గుప్పిట్లోనే కాసేపు ఉండిపోయింది
తిరణాలలో తప్పిపోయిన పిల్లోడిలా.

జిల్లా పోటీలు. యాభైయేడు కిలోలు.
వాడికి ఎర్ర బనీను, నాకు నీలం.
మూడో రౌండులో ఆ ఎడమచేతి దెబ్బ
యాణ్ణించి వచ్చిందో నాకు తెలియలేదు.
తర్వాత పంపు కాడ మొహం కడుక్కుంటా అడిగితే చెప్పాడు:
"క్వారీలో తూటా పేల్చేముందు ఈల ఏస్తారు గదా బుడే.
ఈలకీ పేలుడికీ మద్దెన కాస్త జాగా ఉంటది.
ఆ జాగాలో కొట్టా."

చీమకుర్తిలో వాడికి కోచ్ లేడు.
డ్రిల్లు సారు దానియేలు ఉండేవాడు, కబడ్డీ మనిషి,
జన్మలో ఒక గుద్దు గుద్దినవాడు కాదు.
పాలిష్ ఫ్యాక్టరీ వదిలేసిన రాతిబురద ఎండబెట్టి
గోతాంలో కూరి, షెడ్డు దూలానికి వేలాడదీశాడు.
దాన్ని కొట్టీ కొట్టీ
మాలకొండయ్య దగ్గితే తెల్లగా దగ్గేవాడు.

రోహ్‌తక్‌కి జనరల్ బోగీలో రెండు రాత్రులు.
మొదటిసారి ఓడాడు. రెండోసారి కంచు.
మూడోసారి బంగారు పతకమూ, ఒక ప్రెషర్ కుక్కరూ.
పతకం సారు ఇంటి గోడకి పోయింది.
కుక్కర్లో వాళ్ళమ్మ అంకమ్మ పప్పు వండి వీధంతా పిలిచింది,
"నా కొడుకు తన్నులు తిని తెచ్చాడు, తినండి" అని.

నేను అప్పటికే గ్లవ్స్ వదిలేసి
కటింగ్ మిషను కాడ నీళ్ళు పట్టే పనిలో ఉన్నా.
ఒక ఆదివారం వచ్చి, నాతో రారా అన్నాడు.
"ప్రొఫెషనల్ అంటే ఏందిరా?" అన్నా.
"బనీను ఇప్పేయడం."

బెంగుళూరు హోటల్లో, ముందురోజు పెళ్లి జరిగిన హాల్లో,
బంతిరేకలు ఊడ్చీ ఊడ్వక తాళ్లు బిగించారు.
మైకులో వాడి పేరు "మాల్కోండా" అయింది.
నాది బకెట్టూ, ఐసూ, వాజిలీనూ.
చేతులకి గాజుగుడ్డ చుట్టి టేపేసేవాణ్ణి.
ఎవరో ఆఫీసరొచ్చి టేపు మీద పెన్నుతో గీకేవాడు.
చెయ్యి వీడిది, సంతకం ఇంకొకడిది.

పదకొండు ఫైట్లు గెలిచాడు. పన్నెండోదానికి బెల్టు.
దాని పూత మా నల్లరాయిలో చుక్కల్లాంటిదే,
వెలుతురు పడ్డ వైపే మెరుస్తది.
డబ్బుల్లో సగం ప్రమోటరుకి, మిగతాది మూడు నెలలకి.
ఆ మూడు నెలలూ బెల్టు రేకుపెట్టెలో పెట్టి
వాడు లోడింగు కూలికి పోయాడు.

దాన్ని కాపాడుకునే ఆట చీమకుర్తిలోనే పెట్టారు,
స్టాకుయార్డులో, లారీలకెక్కని బండల నడుమ.
బండల మీద జనం.
మైకులో మొదటిసారి పేరు సరిగ్గా పలికింది.
ఎదురు కుర్రాడికి ఇరవై రెండు. వీడికి ముప్పై మూడు.
ఏడో రౌండు తర్వాత స్టూలు మీద కూలబడి
నా వైపు కాక, నా పక్కకి చూస్తా అడిగాడు:
"ఈల ఏశారా బుడే?"

టవలు నా భుజమ్మీదే ఉంది.
ఎనిమిదో రౌండులో అది తాళ్ల మీదుగా ఎగిరింది.
విసిరింది ఆనాడు లేవని చెయ్యే.
వాడి కోసం విసిరానో, దాని కోసమో,
అల్లా మీదొట్టు, నాకు తెలియదు.
బండల మీంచి ఎవరో బూతులు తిట్టారు. అంకమ్మ ఏమీ అనలేదు.
రిఫరీ ఇద్దరి మణికట్లూ పట్టుకున్నప్పుడు
నేను బకెట్టులోకి చూస్తా ఉన్నా.

తెల్లారుజామున, రిమ్స్ ముందు టీ కొట్టు.
"ఇంకో నిమిషం ఆగితే పడేసేవాణ్ణి" అన్నాడు.
పడేసేవాడేమో.
గ్లాసు అందుకోబోయిన ఎడమచెయ్యి
దానికి బెత్తెడు పక్కన
రెండుసార్లు మూసుకుంది.